ఐ-20 మీద సంతకం ఎవరిది?

సాయంత్రం ఆరున్నరకు విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర బండి కదలదు. సరిగ్గా ఆ టైముకే అమెరికా తూర్పు తీరంలో యూనివర్సిటీల ఇంటర్నేషనల్ ఆఫీసు తలుపు తీస్తారు. అక్కడ ఉదయం తొమ్మిది. ఇది వేసవి లెక్క. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా వాళ్ల గడియారం గంట వెనక్కి జరుగుతుంది కాబట్టి అప్పుడు మనకు ఏడున్నర. టెక్సాస్, ఇల్లినాయ్ అయితే దీనికి ఇంకో గంట, కాలిఫోర్నియా అయితే మూడు గంటలు కలుపుకోవాలి. పొద్దున పదకొండింటికి బందరు రోడ్డు మీద కన్సల్టెన్సీలో కూర్చుని "ఒక్కసారి యూనివర్సిటీ వాళ్లతో మాట్లాడించండి సార్" అంటే, అవతల అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర. ఆ టైములో "ఇప్పుడే మాట్లాడాను" అని ఎవరైనా చెబితే, ఎవరితో మాట్లాడారో అడగండి.

ఆ ఆఫీసులో పనిచేసేవాళ్లు ఎవరు, ఎవరి చేతిలో ఏముంది అనేది మన ఊళ్లో చాలామందికి తెలియదు. "యూనివర్సిటీ వాళ్లు" అని గంపగుత్తగా అనేస్తాం. తీరా చూస్తే ఐదారు రకాల ఉద్యోగులుంటారు. ఒకరి కంప్యూటర్లో కనిపించేది ఇంకొకరికి కనిపించదు. ఒకరు చేసే పని ఇంకొకరు చేయడానికి కొన్నిచోట్ల చట్టమే ఒప్పుకోదు. తప్పు మనిషికి రాసిన మెయిల్ వారం తిరిగి తిరిగి చివరికి అసలు మనిషి దగ్గరకు చేరుతుంది. వీసా స్లాట్ కోసం ఎదురుచూసేవాడికి వారం అంటే మాటలు కాదు.

ముందు సంతకం సంగతి. ఐ-20 అంటే విద్యార్థి వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం. దాని మీద సంతకం పెట్టే అధికారిని డీఎస్ఓ అంటారు, డెసిగ్నేటెడ్ స్కూల్ అఫీషియల్. ప్రొఫెసర్ పెట్టలేడు. ఇంటర్నేషనల్ ఆఫీసు డైరెక్టరైనా సరే, డీఎస్ఓగా నమోదై ఉంటేనే పెట్టగలడు. అక్కడి ఫెడరల్ నిబంధనల ప్రకారం డీఎస్ఓ ఆ స్కూల్లో రెగ్యులర్ ఉద్యోగి అయ్యుండాలి, అమెరికా పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయ్యుండాలి. విదేశీ విద్యార్థుల్ని చేర్పించినందుకు కమిషన్ తీసుకునే మనిషి డీఎస్ఓ కాకూడదని నిబంధనలోనే రాసి ఉంది. తన హోదాను ఇంకొకరికి అప్పగించకూడదని కూడా ఉంది. కాబట్టి "ఐ-20 మా చేతిలో పని, మూడు రోజుల్లో తెప్పిస్తాం" అని ఏలూరు రోడ్డులో చెప్పినా, బ్రాడీపేటలో చెప్పినా, వాళ్లు చేయగలిగింది మీ కాగితాలు అప్‌లోడ్ చేయడం, గుర్తుచేస్తూ మెయిల్ పెట్టడం వరకే. ఆ రెండూ మీరూ చేసుకోగలరు.

ఆఫీసుకు ఫోన్ చేస్తే ముందు ఎత్తేది డీఎస్ఓ కాదు, ఫ్రంట్ డెస్క్. చాలా క్యాంపస్‌లలో అక్కడ కూర్చునేది స్టూడెంట్ వర్కర్. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లకు సెమిస్టరు నడిచేటప్పుడు వారానికి 20 గంటలు క్యాంపస్‌లో పనిచేసుకోవచ్చు, ఆ కోటాలో వచ్చిన పిల్లలు. ఎక్కువమంది మనవాళ్లు ఉండే యూనివర్సిటీల్లో అవతల తెలుగు గొంతే వినిపిస్తుంది. వినిపించగానే "అన్నా, మా ఫైలు కొంచెం ముందుకు జరపవా" అని మొదలుపెడతాం. ఆ అన్న చేతిలో ఏమీ ఉండదు పాపం. సెవిస్ అనే ప్రభుత్వ డేటాబేస్‌లోకి అతనికి ప్రవేశమే ఉండదు. ఫలానా డాక్యుమెంట్ అందిందా లేదా, అపాయింట్‌మెంట్ ఎప్పుడు దొరుకుతుంది, ఏ మెయిల్ ఐడీకి రాయాలి, ఈ మూడు అడగండి, ఇట్టే చెబుతాడు.

తర్వాతి మనిషి అడ్మిషన్స్ ప్రాసెసర్. మీ అప్లికేషన్‌లో పెట్టిన ఒక్కో కాగితాన్ని తీసి సరిచూసేది ఇతనే. మన వైపు నుంచి వెళ్లే ఫైళ్లు ఇక్కడ ఆగేది ఎక్కువగా రెండు కారణాలకి. మొదటిది యూనివర్సిటీ పేరు. గుంటూరు జిల్లాలో ఏదో ఇంజినీరింగ్ కాలేజీలో చదివినవాడు అప్లికేషన్‌లో కాలేజీ పేరు వేస్తాడు, ట్రాన్‌స్క్రిప్ట్ మీద జేఎన్‌టీయూ కాకినాడ అని ఉంటుంది. లేదా డ్రాప్‌డౌన్‌లో జేఎన్‌టీయూ అని కనిపించిన మొదటిదాన్ని నొక్కుతాడు, అది హైదరాబాదుది. 2008 నుంచి అవి వేర్వేరు యూనివర్సిటీలని మనకు తెలుసు, అవతల కూర్చున్నవాళ్లకు తెలియనక్కర్లేదు. వచ్చిన ట్రాన్‌స్క్రిప్ట్ మీ అప్లికేషన్‌తో జతపడక పక్కన పడి ఉంటుంది. పోర్టల్లో మీకు "ట్రాన్‌స్క్రిప్ట్ అందలేదు" అనే కనిపిస్తుంది. డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీ పేరు ఒకచోట, చదివిన కాలేజీ పేరు ఇంకోచోట, రెండూ రాయండి. గడి ఒక్కటే ఉంటే డిగ్రీ పట్టా మీద ఏ యూనివర్సిటీ పేరుందో అదే రాయండి. నాగార్జున యూనివర్సిటీ వాళ్లకూ ఇంతే.

రెండోది మన ఇంటిపేరు. దీని గురించి కొంచెం నిదానంగా చెప్పాలి.

టెన్త్ మెమో మీద "కొల్లి సాయి తేజ" అని ఒకే వరుసలో ఉంటుంది. పాస్‌పోర్టు ఫారం నింపేటప్పుడు ఎవరో తొందరలో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి, గివెన్ నేమ్‌లో మొత్తం పేరు కొట్టేశారు. ఇక్కడ ఉన్నన్నాళ్లూ దాంతో ఇబ్బంది లేదు. ఐ-20 తయారుచేసే మనిషి పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో ఉండే రెండు వరుసలు చూస్తాడు. మెషీన్ చదివేది ఆ వరుసల్నే. అక్కడ పేరు ఒకటే ముక్కగా ఉంటే సెవిస్‌లో మొత్తం పేరు సర్‌నేమ్ గడిలోకి వెళ్తుంది, గివెన్ నేమ్ ఖాళీ. ఆ తర్వాత వీసా మీద గివెన్ నేమ్ ఉండాల్సిన చోట "ఎఫ్ఎన్‌యూ" అని పడుతుంది, ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని. అది అక్కడితో ఆగదు. యూనివర్సిటీ ఐడీ, బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు, వీటిలో ఏదో ఒకచోట మీ కుర్రాడి మొదటి పేరు ఎఫ్ఎన్‌యూ అయిపోతుంది. డీఎస్ఓని ఎంత బతిమాలినా మార్చడు, పాస్‌పోర్టులో ఉన్నదే వేయాలి. దీనికి మందు ఇక్కడే ఉంది. అప్లికేషన్లు మొదలుపెట్టకముందే పాస్‌పోర్టు రీఇష్యూకి పెట్టి ఇంటిపేరు సర్‌నేమ్ గడిలోకి మార్పించుకోవాలి. ఐ-20 వచ్చాక మార్పిస్తే పాస్‌పోర్టు నంబరూ మారుతుంది, ఐ-20 మళ్లీ తయారుకావాలి. బీటెక్ మూడో ఏడాదిలో ఉన్న పిల్లలుంటే ఇవాళే పాస్‌పోర్టు తీసి ఆ రెండు వరుసలు చూడండి.

ఆర్థిక పత్రాలు చూసేది కొన్నిచోట్ల అడ్మిషన్స్ వాళ్లు, కొన్నిచోట్ల డీఎస్ఓ పక్కన ఉండే అసిస్టెంటు. వాళ్లకు కావలసింది ఒక్కటే. ఐ-20లో మొదటి ఏడాది ఖర్చు అని వేసే మొత్తానికి సరిపడా, వెంటనే తీయగలిగే డబ్బు ఉందని రుజువు. తెనాలి దగ్గర నాలుగెకరాల మాగాణి ఉందని చార్టర్డ్ అకౌంటెంట్ రాసిచ్చిన వాల్యుయేషన్ ఇక్కడ లెక్కలోకి రాదు. సేవింగ్స్, ఫిక్సెడ్ డిపాజిట్, బ్యాంకు లోన్ శాంక్షన్ లెటర్, ఇవి వస్తాయి. లోన్ లెటర్లో "శాంక్షన్డ్" అని ఉండాలి. "ఇన్ ప్రిన్సిపల్" అని ఉంటే చాలా ఆఫీసులు తిప్పి పంపుతాయి. ఖాతా నాన్న పేరున ఉంటే నాన్న సంతకంతో స్పాన్సర్ లెటర్ జతచేయాలి, అందులో పేరు బ్యాంకు లెటర్లో ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా ఉండాలి.

ఇంకో చిన్న ఇబ్బంది ఉంది, దీన్ని ఎవరూ ముందు చెప్పరు. మన బ్యాంకు సర్టిఫికెట్ మీద 45,00,000 అని ఉంటుంది. ఆ కామాలు అమెరికా వాళ్ల కంటికి వింత. వాళ్లు 4,500,000 అని రాస్తారు. చదివేవాళ్లు కొత్తవాళ్లయితే సున్నాలు లెక్కపెట్టుకోలేక "దయచేసి డాలర్లలో పంపండి" అని తిప్పి రాస్తారు, మూడు రోజులు పోయినట్టే. మేనేజరుగారిని అడిగి సర్టిఫికెట్ మీదే డాలర్ల మొత్తం, ఏ తేదీ రేటు, ఎంత రేటు అనేవి వేయించుకోండి. ఐ-20 మొత్తం 42,000 డాలర్లు అనుకుందాం. డాలరు 88 రూపాయల లెక్కన 36,96,000 అవుతుంది. సరిగ్గా అంతే చూపించకండి. రూపాయి జారితే ఫైలు చూసే రోజుకు తక్కువ పడుతుంది. ఓ రెండు మూడు లక్షలు పైన ఉంచండి. లెటర్‌హెడ్, సీలు, తేదీ, ఖాతాదారు పేరు, ఇవి కనిపించేలా స్కాన్ చేయండి. జిరాక్స్ షాపులో ఫోన్‌తో వంకరగా తీసిన ఫొటో పంపితే సీలు నీలిమచ్చలా కనిపిస్తుంది.

ఇవన్నీ దాటాక ఫైలు డీఎస్ఓ దగ్గరికి వస్తుంది. అడిగిన రోజు నుంచి ఒకటి రెండు వారాలు అని చాలా ఆఫీసులు తమ పేజీలో రాసిపెడతాయి. ఆగస్టు సెమిస్టరుకు మే, జూన్‌లలో రద్దీ ఎక్కువ, అప్పుడు ఇంకా సాగుతుంది. డీఎస్ఓ మీ వివరాలు సెవిస్‌లో ఎక్కిస్తే ఎన్ అక్షరంతో మొదలయ్యే నంబరు పుడుతుంది, దాని వెనక పది అంకెలు. ఆ నంబరు మీదే 350 డాలర్ల సెవిస్ ఫీజు కట్టాలి, వీసా ఫీజు 185 డాలర్లు వేరే. నాలుగు యూనివర్సిటీల నుంచి నాలుగు ఐ-20లు వస్తే నాలుగు నంబర్లు వస్తాయి. ఇంటర్వ్యూకి ఏ ఐ-20 తీసుకెళ్తారో దాని మీదే ఫీజు కట్టండి. కట్టాక మనసు మారితే ఆ ఫీజును కొత్త నంబరుకు బదిలీ చేసుకునే వీలు ఉంది, మళ్లీ కట్టనక్కర్లేదు. ఈ సంగతి తెలియక రెండోసారి కట్టేవాళ్లు ఉన్నారు.

డీఎస్ఓ అంటే పిల్లల పక్షాన వాదించే వకీలు అనుకునేవాళ్లున్నారు, పట్టించే పోలీసు అనుకునేవాళ్లూ ఉన్నారు. రెండూ సగం నిజం. యూనివర్సిటీ జీతం తీసుకుంటూ ప్రభుత్వానికి రిపోర్టు చేయాల్సిన మనిషి. ప్రోగ్రాం మొదలయ్యే తేదీ నుంచి 30 రోజుల్లోపు మీరు వచ్చి క్లాసులకు రిజిస్టర్ అయ్యారని సెవిస్‌లో నమోదు చేయాలి. చేయకపోతే రికార్డు పోతుంది. మీరు ఇల్లు మారితే 10 రోజుల్లోపు చెప్పాలి, ఆయన 21 రోజుల్లోపు ఎక్కించాలి. డీఎస్ఓ అనుమతి లేకుండా మీరు కోర్సు డ్రాప్ చేసి ఫుల్‌టైమ్ కంటే తగ్గితే, తర్వాత ఎంత మంచి కారణం చెప్పినా ఆయన వెనక్కి తేదీ వేసి సరిచేయలేడు. అందుకే డ్రాప్ బటన్ నొక్కకముందు డీఎస్ఓకి రాయాలి.

ఆయన చేతిలో లేనివీ ఉన్నాయి. వీసా ఇవ్వడం కాన్సులేటు పని, హైదరాబాదు నానక్‌రామ్‌గూడలో ఇంటర్వ్యూ తేదీని డీఎస్ఓ ముందుకు జరపలేడు. 2025 వసంతంలో వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులను ప్రభుత్వమే నేరుగా రద్దు చేసినప్పుడు, చాలాచోట్ల డీఎస్ఓలకు తెర తెరిచి చూసుకుంటే తప్ప తెలియలేదు. ఏప్రిల్ చివర్లో వాటిని తిరిగి పునరుద్ధరిస్తామని ప్రభుత్వం కోర్టుల్లో చెప్పింది. అందాకా ఆ ఆఫీసుల్లో రోజూ పొద్దున్నే వచ్చి జాబితా చూసుకోవడమే పనైంది.

ఇక మెయిల్. "డియర్ సర్, ప్లీజ్ అప్‌డేట్ మై స్టేటస్" అని రాత్రికి మూడు మెయిళ్లు పెడితే చాలాచోట్ల టికెట్ సిస్టంలో అవి కలిసిపోయి లైన్లో వెనక్కి వెళ్తాయి, ఎందుకంటే చివరి మెయిల్ తేదీనే టికెట్ తేదీగా పడుతుంది. సబ్జెక్ట్ లైన్‌లో పాస్‌పోర్టులో ఉన్న పేరు, స్టూడెంట్ ఐడీ, ఏ సెమిస్టరు, ఏం కావాలి, ఈ నాలుగూ ఉండాలి. లోపల మూడు వాక్యాలు చాలు. ఏం జరిగింది, ఏం జతచేశాను, ఏ తేదీలోపు ఎందుకు కావాలి. "అర్జెంట్" అనే మాట కంటే "నా వీసా ఇంటర్వ్యూ జూన్ 18న ఉంది" అనే వాక్యానికి బలం ఎక్కువ. ఫైలు పేర్లు "స్కాన్ 001" అని కాకుండా పేరుతో, పత్రం పేరుతో పెట్టండి. యూనివర్సిటీ మెయిల్ ఐడీ ఇచ్చాక జీమెయిల్ నుంచి రాయకండి, అది మీరేనని నిర్ధారించుకునే మార్గం వాళ్లకు ఉండదు.

జీమెయిల్ మాట వచ్చింది కాబట్టి: అప్లికేషన్ కన్సల్టెన్సీ వాళ్లు పెట్టినా మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్, ఫోన్ నంబరు మీవే ఉండాలి. వాళ్లే సృష్టించిన ఐడీతో పెడితే ఐ-20 లింకు వాళ్ల ఇన్‌బాక్స్‌కే వెళ్తుంది. మీకు తెలిసేది వాళ్లు చెప్పినప్పుడే. హోటల్ హాల్లో జరిగే ఎడ్యుకేషన్ ఫెయిర్లకు వచ్చే రీజినల్ మేనేజర్లలో కొందరు యూనివర్సిటీ ఉద్యోగులే, కొందరు మధ్యవర్తి సంస్థల మనుషులు. కమిషన్ అనేది అక్కడ రహస్యమేం కాదు. ఎన్ఏసీఏసీ అనే అడ్మిషన్ కౌన్సెలర్ల సంఘం 2013లో విదేశీ విద్యార్థుల విషయంలో దాని మీద నిషేధం ఎత్తేసింది. "మీరు యూనివర్సిటీ పేరోల్ మీద ఉన్నారా?" అని మర్యాదగానే అడగండి, తప్పేం లేదు. స్పాట్ అడ్మిషన్ అని చేతిలో పెట్టే కాగితం కండిషనల్ ఆఫర్ మాత్రమే, ఐ-20 కాదు.

అమ్మానాన్నలకు ఒక సంగతి చెప్పాలి. పిల్లవాడు చేరాక అతని మార్కులు, హాజరు, ఫీజు బకాయి గురించి గుంటూరు నుంచి తండ్రి ఫోన్ చేస్తే ఏ ఉద్యోగీ చెప్పడు. "ఫీజు కట్టేది నేనండీ" అన్నా చెప్పడు. అది పొగరు కాదు. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీలో చేరాక ఆ రికార్డుల మీద హక్కు విద్యార్థిది. విద్యార్థి పోర్టల్లో సమ్మతి ఫారం నింపి అమ్మ పేరో నాన్న పేరో చేరిస్తే అప్పుడు మాట్లాడతారు. వెళ్లిన మొదటి వారంలోనే ఆ ఫారం నింపించండి.

అబ్బాయి రెండు రోజులుగా ఫోన్ ఎత్తకపోతే మాత్రం డీఎస్ఓకి కాదు, క్యాంపస్ పోలీసుకు ఫోన్ చేయాలి. వాళ్ల నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది. "వెల్ఫేర్ చెక్" అడగాలి, ఆ మాటే వాడాలి. పాస్‌పోర్టులో ఉన్న పూర్తి పేరు, స్టూడెంట్ ఐడీ, అపార్ట్‌మెంట్ నంబరుతో సహా చిరునామా, రూమ్‌మేట్ ఫోన్, చివరిసారి ఎప్పుడు మాట్లాడారు, ఇవి చేతిలో ఉండాలి. క్యాంపస్ బయట ఉంటే ఆ ఊరి పోలీసుకు వాళ్లే చెబుతారు లేదా నంబరు ఇస్తారు. ఈ వివరాలన్నీ ఒక కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అంటించుకోండి.

డిపార్ట్‌మెంట్‌లో గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్ అని ఒకరుంటారు. కోర్సు సీట్లు, అసిస్టెంట్‌షిప్ కాగితాలు, అడ్వైజర్ సంతకాలు ఈ మనిషి చేతిమీదుగానే నడుస్తాయి. సీపీటీకి, అంటే చదువులో భాగంగా బయట చేసే పనికి, ఇంటర్న్‌షిప్ చదువులో భాగమని డిపార్ట్‌మెంట్ చెప్పాలి, అనుమతి డీఎస్ఓ వేయాలి. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు వాడితే ఆ డిగ్రీ స్థాయిలో ఓపీటీ, అంటే చదివిన రంగంలో కొంతకాలం ఉద్యోగం చేసుకునే అనుమతి, పోతుంది. ఓపీటీకి డీఎస్ఓ సెవిస్‌లో సిఫార్సు వేసిన 30 రోజుల్లోపు అప్లికేషన్ అమెరికా ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కు చేరాలి. కొత్త ఐ-20 తీసుకుని ఫొటోలు బాగా రాలేదని నెల గడిపేసినవాళ్ల అప్లికేషన్ తిరస్కరణకు గురవుతుంది.

ఫీజు వసూలు చేసే బర్సార్ ఆఫీసుకు డీఎస్ఓతో సంబంధం లేదు. ఇక్కడి బ్యాంకు నుంచి పంపేటప్పుడు రెమిటెన్స్ వివరాల గడిలో స్టూడెంట్ ఐడీ వేయకపోతే డబ్బు చేరినా ఎవరిదో తెలియక పక్కన ఉంటుంది. మధ్యలో బ్యాంకులు కోసుకునే 20, 30 డాలర్లు తగ్గినా బకాయి కిందే లెక్క. దాంతో వచ్చే సెమిస్టరు రిజిస్ట్రేషన్‌కు హోల్డ్ పడుతుంది. ఛార్జీలన్నీ పంపేవారి మీదే వేయమని బ్యాంకులో చెప్పండి.

దిగాక చెక్-ఇన్. ప్రోగ్రాం తేదీకి 30 రోజుల కంటే ముందు దేశంలోకి రానివ్వరు. దిగిన రోజే దేశంలోకి వచ్చినట్టు ప్రభుత్వం ఉంచే రికార్డు ఐ-94 డౌన్‌లోడ్ చేసి, పేరు, క్లాస్ ఎఫ్-1, గడువు దగ్గర డీ/ఎస్ (విద్యార్థి హోదా ఉన్నంతకాలం) అని ఉన్నాయా చూసుకుని, పాస్‌పోర్టు, వీసా, ఐ-20లతో పాటు పోర్టల్లో ఎక్కించాలి. ఐ-94లో తప్పుంటే డీఎస్ఓకి పంపుతూ ఏది తప్పో రాయండి, ఎక్కడ సరిచేయించుకోవాలో చెబుతారు.

మొదటి సంక్రాంతికి ఇంటికి రావాలనుకునేవాళ్లకు ఇంకో సంతకం కావాలి. ఐ-20 రెండో పేజీలో ట్రావెల్ ఎండార్స్‌మెంట్ అని గడులుంటాయి. తిరిగి వెళ్లే రోజుకు ఆ సంతకం ఏడాది లోపుది అయ్యుండాలి. ఓపీటీలో ఉంటే ఆరు నెలలు. నవంబరు నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్, ఆ వారం ఆఫీసు సగం ఖాళీ. క్రిస్మస్ ముందురోజు నుంచి కొత్త సంవత్సరం దాకా చాలా యూనివర్సిటీలు పూర్తిగా మూసేస్తారు. డిసెంబరు 20న విమానం ఉందని 18న అడిగితే డీఎస్ఓ మంచివాడైనా దొరకడు. నవంబరు మొదటి వారంలోనే అడిగి పెట్టించుకోండి.